విశాఖకు ఇద్దరు ఎంపీలున్న రోజులు

1952లో విశాఖపట్నం నుంచి ఢిల్లీకి ఇద్దరు ఎంపీలు రైలెక్కారు. ఒకాయన డాక్టర్ లంకా సుందరం. ప్రవాస భారతీయుల మీద, అంతర్జాతీయ వ్యవహారాల మీద ఇంగ్లిషులో పుస్తకాలు రాసిన పండితుడు. రెండో ఆయన గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు దళంలో పోరాడి, అండమాన్ జైలు చూసి వచ్చిన మన్యం మనిషి.

ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులే. ఇద్దరిదీ ఒకే నియోజకవర్గం. ఇద్దర్నీ గెలిపించింది ఒకే ఓటర్లు!

అదెలా కుదిరిందని ఇప్పటి కుర్రాళ్లు అడిగితే తప్పులేదు. ఒక నియోజకవర్గం, ఒక ఎంపీ అన్నదే మనకు తెలిసిన లెక్క. అప్పటి లెక్క వేరు. తొలి సార్వత్రిక ఎన్నికల్లో దేశం మొత్తం మీద 86 లోక్‌సభ నియోజకవర్గాలకు ఇద్దరేసి ఎంపీలుండేవారు. వాటిని ద్విసభ్య నియోజకవర్గాలు అనేవారు. రెండు సీట్లలో ఒకటి జనరల్. రెండోది ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వు. అప్పటికింకా ఆంధ్ర రాష్ట్రం లేదు, మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. విశాఖపట్నంలో రిజర్వు సీటు గిరిజనులది.

ఓటింగ్ తీరు మరీ విచిత్రం. ఓటరు చేతికి రెండు బ్యాలెట్ పత్రాలు ఇచ్చేవారు. వాటి మీద ముద్ర వెయ్యడం, గీత గియ్యడం ఏమీ లేదు. తెర చాటుకి వెళితే అక్కడ వరసగా పెట్టెలు... అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద ఆ అభ్యర్థి గుర్తు. జోడెద్దులు కావాలంటే జోడెద్దుల పెట్టె, గుడిసె కావాలంటే గుడిసె పెట్టె. నచ్చిన ఇద్దరి పెట్టెల్లో ఒక్కో కాగితం వేసి రావడమే. రెండూ ఒకరికే వెయ్యడానికి మాత్రం వీల్లేదు.

అసలు సంగతి ఇక్కడుంది. రిజర్వు సీటుకు గిరిజనులు మాత్రమే ఓటెయ్యాలన్న నియమం ఏదీ లేదు. రేవులో మూటలు మోసే కళాసీ కూడా మన్యం అభ్యర్థికి ఓటెయ్యాలి. కొండ మీద పోడు కొట్టుకునే మనిషి కూడా పట్నం అభ్యర్థి సంగతి తేల్చాలి. అంటే ఎవరు గెలవాలన్నా కొండా ఎక్కాలి, రేవులోకీ దిగాలి. ఇప్పుడు ఆలోచిస్తే ముచ్చటగానే ఉంటుంది. ఆ రోజుల్లో అభ్యర్థుల ప్రాణానికి మాత్రం అదో పెద్ద పరీక్ష. రోడ్డు లేదు, జీపు లేదు, మలేరియా మాత్రం ఉంది.

మల్లుదొర ఎవరు?

లంకా సుందరం గురించి లైబ్రరీల్లో దొరుకుతుంది. మల్లుదొర గురించి చెప్పాలంటే గూడెం కొండల్లోకి వెళ్లాలి.

ఆయన అన్న గాం గంటందొర బట్టిపనుకుల మునసబు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అనే ఆయన ఘాట్ రోడ్డు పనులు చేయించాడు. కూలీలకు ఇవ్వాల్సిన డబ్బులు సరిగా ఇవ్వలేదు. గంటందొర మునసబు పదవీ పోయింది, భూమీ పోయింది. అన్నదమ్ములిద్దరూ సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి... మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. తర్వాత కథ అందరికీ తెలిసిందే. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపారు. గంటందొర కూడా మరుసటి నెలలోనే ప్రాణాలు విడిచాడు. అప్పటికే, 1923లో పట్టుబడిన మల్లుదొర ఖైదులో ఉన్నాడు. ద్వీపాంతర శిక్ష అనుభవించి, దేశానికి స్వాతంత్ర్యం రాకముందే విడుదలై వచ్చాడు.

అలాంటి మనిషి తొలి లోక్‌సభలో కూర్చున్నాడు. తెల్లదొరల సర్కారు రాజద్రోహి అన్న మనిషిని తొలి లోక్‌సభలో 'గౌరవ సభ్యుడు' అని పిలవాల్సి వచ్చింది. ఒక్క ఇరవై తొమ్మిదేళ్ల తేడా! ఏ పార్టీ టికెట్టూ లేకుండా, ఏ జమీందారు అండా లేకుండా గెలిచాడన్నది ఇంకో గొప్ప. ఆయన 1969 దాకా బతికాడు. విశాఖలో ఆయన పేరు తెలిసినవారు మాత్రం తక్కువ. సీతారామరాజు మీద సినిమాలు తీసుకున్నాం, విగ్రహాలు పెట్టుకున్నాం, జిల్లాకు పేరు పెట్టుకున్నాం. ఆయన అనుచరుడు మన ఎంపీ అని గుర్తు పెట్టుకోవడానికి మాత్రం తీరిక దొరకలేదు.

1952లో ఉత్తరాంధ్ర ఓటరు అసలు పార్టీల జెండాలకు పెద్దగా లొంగలేదు. శ్రీకాకుళంలో బొడ్డేపల్లి రాజగోపాలరావు, పార్వతీపురంలో ఎన్.రామశేషయ్య స్వతంత్రులుగా నెగ్గారు. విజయనగరంలో సోషలిస్టు కందాళ సుబ్రహ్మణ్యం నెగ్గారు. కాంగ్రెస్ తరఫున పాతపట్నంలో గెలిచిన పెద్దమనిషి వి.వి.గిరి. కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. ఈ గిరిగారి పేరు కాస్త గుర్తుంచుకోండి. విశాఖకు ఇద్దరు ఎంపీల ముచ్చట అయిదేళ్లలోనే తీరిపోయినా, దేశం మొత్తం మీద ఆ పద్ధతికి తెర పడిన కథలో ఆయనదే ముఖ్య పాత్ర.

గొలుగొండ అనే పార్లమెంటు సీటు

1957 ఎన్నికలకు హద్దులు మార్చారు. విశాఖపట్నం ఒక్క ఎంపీ ఉన్న సీటు అయిపోయింది. కొండ ప్రాంతాన్ని పట్నం నుంచి విడదీసి, మైదానంలోని కొంత భాగంతో కలిపి గొలుగొండ అని కొత్త ద్విసభ్య నియోజకవర్గం పెట్టారు. గొలుగొండ! ఈ రోజు నర్సీపట్నం పక్కన ఓ మండల కేంద్రం. ఒకప్పుడు దాని పేరు మీద ఇద్దరు ఎంపీలు ఢిల్లీలో ఉండేవారంటే ఆ ఊరి పిల్లలే నమ్మకపోవచ్చు. మిస్సుల సూర్యనారాయణమూర్తి, కంకిపాటి వీరన్న పడాల్... ఇద్దరూ కాంగ్రెస్ వారే. విశాఖలో మాత్రం విజయనగరం రాజావారు పి.వి.జి.రాజు గెలిచారు. రాజుగారైనా సోషలిస్టు!

అదే 1957లో పార్వతీపురంలో జరిగింది అసలు కథ.

పాతపట్నం సీటు పునర్విభజనలో పోయింది. గిరి పార్వతీపురం వచ్చారు. అదీ ద్విసభ్య నియోజకవర్గమే. ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ. గిరి అంటే మామూలు మనిషి కాదు. 1937లో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజాను, అంతకు ముందు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా చేసిన జస్టిస్ పార్టీ నాయకుణ్ణి, ఓడించిన ఘనత ఆయనది. బొబ్బిలి కోటనే కొట్టినాయనకు పార్వతీపురం ఓ లెక్కా అనుకున్నారంతా.

పెట్టెలు విప్పారు. కాంగ్రెస్ గిరిజన అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణకు అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. రెండో స్థానంలో డిప్పల సూరిదొర. ఆయనా గిరిజనుడే. కొన్ని వందల ఓట్ల తేడాతో మూడో స్థానంలో... వి.వి.గిరి!

చట్టం ప్రకారం లెక్క ఇదీ. ముందు రిజర్వు సీటు నింపాలి. గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చిన వారికి అది ఇవ్వాలి. ఆ తర్వాత మిగిలిన వారందరిలో ఎవరికి ఎక్కువొస్తే వారికి జనరల్ సీటు. ఇక్కడ గిరిజనుడా కాదా అన్న పట్టింపు లేదు. రిటర్నింగ్ అధికారి అలాగే చేశారు. సత్యనారాయణకు రిజర్వు సీటు, సూరిదొరకు జనరల్ సీటు. ఇద్దరు గిరిజనులు గెలిచారు, మాజీ కేంద్రమంత్రి ఇంటికి వెళ్లారు.

గిరి ఊరుకోలేదు. ఎన్నికల ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఆయన తరఫు వాదన రెండు ముక్కల్లో చెప్పొచ్చు. సూరిదొర రిజర్వు సీటుకు నామినేషన్ వేసినవాడు, ఆ సీటు దక్కకపోతే ఇక అంతే, జనరల్ సీటు మీదికి ఎలా వస్తాడు? ఇది మొదటిది. రెండోది ఇంకా ఆసక్తికరం. సూరిదొర అసలు గిరిజనుడే కాదట! ఆయన కుటుంబం 1928 నుంచీ దస్తావేజుల్లో క్షత్రియులమని రాసుకుంటోందట, నడవడిక కూడా అలాగే మార్చుకుందట. కాబట్టి ఆయన మూకదొర తెగ నుంచి బయటికి వచ్చేసినట్టేనన్నది గిరి వాదన.

ఆలోచించండి. కొండల్లో పుట్టినవాడు ఏ దస్తావేజులోనో కాస్త పెద్ద కులం పేరు రాసుకుంటే, ముప్ఫై ఏళ్ల తర్వాత అదే కాగితం తెచ్చి 'నువ్వు గిరిజనుడివి కాదు' అంటున్నారు. ఆ ముప్ఫై ఏళ్లూ ఆ 'క్షత్రియత్వం' ఆయనకు ఏం ఒరగబెట్టిందో ఎవరికి తెలుసు?

ట్రిబ్యునల్ గిరి వైపే తీర్పు చెప్పింది. సూరిదొర హైకోర్టుకు వెళ్లారు, అక్కడ తీర్పు తిరగబడింది. గిరి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నిక చెల్లుతుందని తేల్చేసింది. తనంతట తాను రాసుకున్నంత మాత్రాన కులం మారదని, ఏ కులంలోకి వెళ్లానంటున్నాడో ఆ కులం వాళ్లు ఒప్పుకోవాలని చెప్పింది. ద్విసభ్య నియోజకవర్గంలో జరిగేది ఒకే ఎన్నిక, రెండు కాదని కూడా చెప్పింది. రిజర్వు సీటుకు అర్హత ఉన్నంత మాత్రాన మిగతా పౌరులందరితో సమానంగా జనరల్ సీటుకు ఉండే హక్కు పోదు. రిజర్వేషన్ అంటే ఇంతకు తగ్గకూడదని వేసిన మెట్టేగానీ, ఇంతకు మించి ఎక్కకూడదని వేసిన కప్పు కాదన్నమాట. లా కాలేజీల్లో ఇప్పటికీ చదివే కేసు ఇది. పార్వతీపురం సంతలో ఎంతమందికి తెలుసో మరి.

గిరికి నష్టమేం జరగలేదు. ఓడిన సంవత్సరమే ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. తర్వాత కేరళ, మైసూరు, ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి! పార్వతీపురంలో గెలిచి ఉంటే రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లేవారో లేదో.

నష్టం జరిగింది ద్విసభ్య నియోజకవర్గాలకు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రెండేళ్లకు, 1961లో పార్లమెంటు వాటిని రద్దు చేస్తూ చట్టం చేసింది. గిరి ఓటమే దానికి కారణం అనేస్తే అతిగా ఉంటుంది. ఆ నియోజకవర్గాలు మరీ పెద్దవనీ, ఖర్చు రెట్టింపనీ, ఏ ఎంపీ దేనికి బాధ్యుడో తెలియదనీ పార్టీలన్నీ గొణుగుతూనే ఉన్నాయి. ఆ గొణుగుళ్లలో నిజం లేకపోలేదు. కానీ జనరల్ సీట్లలోకి కూడా రిజర్వు అభ్యర్థులు వచ్చేస్తే ఎలా అన్న గుబులు అప్పటి రాజకీయుల్లో లేదంటే ఎవరూ నమ్మరు. అందరి ఓట్లతో ఒక గిరిజనుడు జనరల్ సీటు గెలవడం ఆ పద్ధతి విజయమని ఎవరైనా అన్నారా? పెద్దగా అనలేదు. లోపం అన్నవారే ఎక్కువ.

అయిదు పేర్లు

రద్దు చట్టం చేసిన పని చూడ్డానికి చిన్నది. ప్రతి ద్విసభ్య నియోజకవర్గాన్నీ రెండుగా కోశారు. గిరిజనులో దళితులో ఎక్కువగా ఉన్న ముక్కను రిజర్వు చేశారు. రెండో ముక్క జనరల్. అప్పటి నుంచీ మైదానపు అభ్యర్థికి కొండ ఓటు అక్కర్లేదు, కొండ అభ్యర్థికి మైదానపు ఓటు అక్కర్లేదు.

గొలుగొండ పేరు పోయింది. 1962లో మైదాన ప్రాంతానికి అనకాపల్లి సీటు వచ్చింది. పాత గొలుగొండ ఎంపీ మిస్సుల సూర్యనారాయణమూర్తి అక్కడ గెలిచారు. కొండ ప్రాంతం నర్సీపట్నం పేరుతో ఎస్టీ సీటయింది. మత్స్యరాస మత్స్యరాజు ఎంపీ అయ్యారు. ఆ పేరూ ఒక్క ఎన్నికకే సరి. 1967లో అదీ పోయింది. చింతపల్లి, పాడేరు ఓటర్లను తీసుకెళ్లి భద్రాచలం లోక్‌సభ సీటులో కలిపారు.

భద్రాచలం! రాముడున్నచోటే గానీ విశాఖ మన్యానికి అదెక్కడ? 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఖమ్మం జిల్లాకు మారిన ఊరు. పాడేరు మనిషికి జ్వరమొస్తే విశాఖ కేజీహెచ్‌కు దిగుతాడు. కొడుకు డిగ్రీ పాసైతే ఆంధ్రా యూనివర్సిటీకి పంపుతాడు. బియ్యం ధర, కాఫీ గింజల ధర, కోర్టు కేసు, కలెక్టరుకు అర్జీ... అన్నిటికీ దారి విశాఖే. ఓటు మాత్రం గోదావరి ఒడ్డుకు! నలభై ఏళ్లకు పైగా ఇదే తంతు.

ఒక్క విషయంలో మాత్రం భద్రాచలం మిగతా ప్రాంతాలకు పాఠం చెప్పింది. దీని గురించి రాసినవారు తక్కువ. 1967 నుంచి 2004 వరకు అక్కడ 11 లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. అందులో ఏడుసార్లు మహిళలే గెలిచారు. బి.రాధాబాయి ఆనందరావు వరసగా నాలుగుసార్లు, కర్రెద్దుల కమలకుమారి రెండుసార్లు, దుంప మేరీ విజయకుమారి ఒకసారి. మధ్యలో సీపీఐ నాయకుడు సోడె రామయ్య, చివర్లో సీపీఎం నాయకుడు డాక్టర్ మిడియం బాబూరావు. మహిళా బిల్లు అని ఢిల్లీలో ఏళ్ల తరబడి గొంతులు చించుకుంటుంటే, గోదావరి గట్టున, కొండ మీద ఉన్న ఓటర్లు చడీచప్పుడు లేకుండా ఆ పని చేసి చూపించారు. ఇదే కాలంలో, అంటే 1967 నుంచి 2004 దాకా, విశాఖపట్నం పంపిన మహిళా ఎంపీ ఎందరో తెలుసా? ఒక్కరు. 1989లో ఉమా గజపతిరాజు.

2008 పునర్విభజనలో భద్రాచలం సీటూ పోయింది, పార్వతీపురం సీటూ పోయింది. రెండింటి మిగులూ కలిపి అరకు అని కొత్త సీటు చేశారు. శ్రీకాకుళం జిల్లా పాలకొండ నుంచి తూర్పు గోదావరి జిల్లా రంపచోడవరం దాకా, అప్పటి నాలుగు జిల్లాల మీదుగా కొండల వెంట సాగే పొడవాటి సీటు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. పార్వతీపురం ఎస్సీ, మిగతా ఆరూ ఎస్టీ. 2009లో తొలి పోటీ భలే గమ్మత్తుగా జరిగింది. రద్దయిన పార్వతీపురం సీటు ఎంపీ వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్, రద్దయిన భద్రాచలం సీటు ఎంపీ మిడియం బాబూరావు ముఖాముఖి తలపడ్డారు. కిశోర్ చంద్రదేవ్ గెలిచారు. కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రి అయ్యారు. ఆ తర్వాత 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనూజారాణి. ముగ్గురూ మహిళలే. భద్రాచలం అలవాటు అరకుకూ వచ్చినట్టుంది. మాధవి 2019లో ఓడించింది ఎవరినో కాదు, కిశోర్ చంద్రదేవ్‌నే. ఆమె తండ్రి గొడ్డేటి దేముడు చింతపల్లి మాజీ ఎమ్మెల్యే.

ఇప్పుడు పాడేరు ఓటరు వైపు నుంచి లెక్కేసి చూడండి. 1952లో విశాఖపట్నం, 1957లో గొలుగొండ, 1962లో నర్సీపట్నం, 1967లో భద్రాచలం, 2009లో అరకు. ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు, కొండ కదల్లేదు. సీటు పేరు మాత్రం నాలుగుసార్లు మారింది.

రేవు సంగతి

మరి విశాఖ? 1951 జనాభా లెక్కల్లో లక్ష దాటి కాస్త ఎక్కువున్న ఊరు. 1933లో మొదలైన పోర్టు, 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలోకి దిగిన షిప్‌యార్డు... అదే అప్పటికి దాని గొప్ప. తర్వాత రిఫైనరీ వచ్చింది, స్టీలు ప్లాంటు వచ్చింది. ఎంపీలూ మారారు. పి.వి.జి.రాజు తర్వాత ఆయన చిన్నాన్న, క్రికెట్ లోకం 'విజ్జీ' అని పిలిచే మహారాజ్‌కుమార్ విజయానంద్. 1967లో తెన్నేటి విశ్వనాథం. అంతకు ముందు ఏడాదే 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమం రగిలి, నవంబరు 1న విశాఖ వీధుల్లో కాల్పులు జరిగాయి. ఆ వేడిలో ఓటర్లు పార్టీలను పక్కన పెట్టి స్వతంత్రుడైన తెన్నేటిని పంపారు. 1952 నాటి విశాఖ అలవాటు మళ్లీ కనబడింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత సంగతి వేరు. రేవు పట్నం కదా, వచ్చినవాళ్లను కాదనదు. నెల్లూరు నుంచి టి.సుబ్బరామిరెడ్డి వచ్చారు, గెలిచారు. అదే జిల్లా నుంచి నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు, గెలిచారు. 2009లో పురందేశ్వరి వచ్చారు, గెలిచారు. 2024లో ఎం.శ్రీభరత్ అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. 1991లో, 1999లో ఇక్కడే ఎంపీగా నెగ్గిన ఎం.వి.వి.ఎస్.మూర్తి మనవడు. అయిదు లక్షలు! గిరి కొన్ని వందల ఓట్లతో ఓడిన రోజులతో పోలిస్తే ఎక్కడి అంకె, ఎక్కడి అంకె.

వీరిలో ఎవరికీ కొండ ఓటు అవసరం పడలేదు. ఇప్పటి విశాఖ లోక్‌సభ సీటంటే నగరం, గాజువాక, భీమిలి, ఆ పైన శృంగవరపుకోట. కొండ మాత్రం విశాఖకు అవసరం పడుతూనే ఉంది. మాచ్‌ఖండ్, సీలేరు నుంచి కరెంటు దిగింది. 1960ల్లో కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం అరకు కొండలను తొలుచుకుంటూ వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం ఆ దారినే దిగి, విశాఖ రేవులో ఓడలెక్కి జపాన్ వెళ్లింది. చిత్రమేమిటంటే, పట్నంతో కొండకు ఓటు బంధం తెగిన కాలంలోనే రైలు బంధం పడింది. ఖనిజానికి దారి దొరికింది గానీ, అదే దారిలో దిగొచ్చే మనిషికి పట్నంలో తన ఎంపీ అనేవాడు లేకుండా పోయాడు.

ద్విసభ్య పద్ధతి బంగారమని చెప్పడానికి లేదు. 1952 నాటి ఆ బ్రహ్మాండమైన నియోజకవర్గంలో మల్లుదొర తన ఓటర్లను ఏడాదికి ఒకసారైనా చూడగలిగాడా అంటే అనుమానమే. ఇవాళ అరకు ఎంపీకీ పాలకొండ నుంచి రంపచోడవరం దాకా తిరగడం సులువేం కాదు. అయితే కొండకు తన సీటు ఉండటం వల్ల ఒక మంచి జరిగింది. అరవై ఏళ్లుగా ఢిల్లీలో కొండ తరఫున మాట్లాడటానికి ఎవరో ఒకరు తప్పకుండా ఉంటున్నారు. పట్నం ఎంపీ కొండ గురించి మాట్లాడాల్సిన అవసరం పోయిందన్నది దానికి చెల్లించిన ధర.

లోక్‌సభ సీట్ల సంఖ్యను 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కలను బట్టి మళ్లీ చూడాలని రాజ్యాంగంలో ఉంది. అది జరిగిన రోజున హద్దులు మళ్లీ కదులుతాయి. అరకు అలాగే ఉంటుందా, పాడేరు ఓటరుకు ఆరో పేరు వస్తుందా అన్నది అప్పుడు తేలాలి.

ప్రస్తుతానికి మ్యాపు ఎలా ఉందంటే... 1922లో మన్యం వీరులు కొట్టిన మూడు పోలీసు స్టేషన్లలో చింతపల్లి, రాజవొమ్మంగి అరకు లోక్‌సభ సీటులో ఉన్నాయి. మూడోది కృష్ణదేవిపేట. సీతారామరాజు సమాధి ఉన్న ఆ ఊరు గొలుగొండ మండలంలో ఉంది. అది అనకాపల్లి సీటు.